మెట్రిక్ రెండుసార్లు తప్పారు.. ప్రపంచానికి మందులిచ్చారు!

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో మందుల షాపు కౌంటర్ దగ్గర నిలబడితే, మెథోట్రెక్సేట్ చీటీ పట్టుకుని ఎవరో ఒకరు కనిపిస్తారు. రుమటాయిడ్ కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకునే చిన్న మాత్ర అది. దాని వెనక భీమవరంలో పుట్టిన మన తెలుగాయన ఉన్నారని ఎంతమందికి తెలుసు?

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు, దానికన్నా తక్కువగా చూసే ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు.

అమెరికా వెళ్లి, ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి లెక్కగట్టే పద్ధతి తెచ్చారు. ప్రపంచంలోని ల్యాబులన్నీ దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఆ తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలను గుర్తించారు. అయినా అక్కడ పర్మనెంట్ పోస్టు రాలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి మారారు.

అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకి అది మందైంది. బోదకాలుకు వాడే డీఈసీ కూడా ఆ టీమ్‌దే. తర్వాత ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులు వచ్చాయి. వాటిలో ఒకటే మెథోట్రెక్సేట్. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

కీళ్లవాతం సంగతి ఆ తర్వాత తేలింది. మన రోగనిరోధక కణాలు సైటోకైన్లనే ప్రొటీన్లతో కబుర్లు పంపుకుంటాయి. సైటోకైన్ వెళ్లి కణం మీది రిసెప్టర్‌కు అతుక్కుంటే, సిగ్నల్ కేంద్రకం దాకా చేరి కొన్ని జీన్లను ఆన్ చేస్తుంది. ఉదాహరణకు, ఇంటర్‌ల్యూకిన్-6 వల్ల బి కణాలు యాంటీబాడీలు ఎక్కువగా తయారుచేస్తాయి. ఈ సిగ్నళ్లు అదుపు తప్పితే శరీరం సొంత కీళ్ల మీదే పడుతుంది. తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ ఆ గోలను తగ్గిస్తుంది. సైటోకైన్లను అడ్డుకునే కొన్ని ఇంజెక్షన్ల మీద కూడా శరీరం యాంటీబాడీలు చేస్తుంది. వాటిని తగ్గించడానికీ ఈ మాత్రనే తోడుగా ఇస్తారు. 1988లో అమెరికా దీన్ని కీళ్లవాతానికి ఆమోదించింది. అప్పటికి సుబ్బారావు పోయి 40 ఏళ్లు.

బ్యాక్‌లాగ్‌ల గురించి ఇంటర్వ్యూలో అడుగుతారని భయమా? పాత మెమోలు మారవు. సుబ్బారావు మెమో కూడా మారలేదు. పదిమందీ వాడుకునే పద్ధతి ఒకటి చేసిచూపించాకే ఆయన పేరు బయటికొచ్చింది. మీ రెజ్యూమెలో అలాంటి పని ఒక్కటైనా ఉందా? లేకపోతే ఈ నెలే మొదలుపెట్టండి.