రాజా రామమోహనరాయలు – పత్రికా స్వాతంత్ర్యము

వంగదేశమున హుగ్లీ మండలములోని రాధానగర గ్రామమున 1772వ సంవత్సరమున రామమోహనరాయలు జన్మించిరి. 1774 అనువారును కలరు. సహగమనమును మాన్పించుటకు పాటుపడిన మహనీయుడుగా ఆయన పేరు బడిపిల్లలకు సైతము తెలియును. కాని పత్రిక నడుపుకొను హక్కు కొరకు ఆయన దొరతనమువారితో సాగించిన వివాదము అంతగా ప్రసిద్ధము కాదు. ఆ వివాదమునకు బీజము ఆయన చదువులోనే యున్నది.

ఆ కాలమున కచేరీలలో పారసీకము వాడుక భాష. రాయలవారు చిన్ననాడే పారసీకమును, అరబ్బీని, పిదప సంస్కృతమును అభ్యసించిరి. 1803–04 ప్రాంతమున ముర్షిదాబాదులో పారసీకమున తుహ్ఫత్-ఉల్-మువహ్హిదీన్ అను చిన్న గ్రంథమును ప్రకటించిరి. వెనుకటివారు చెప్పిరన్నంత మాత్రమున ఒక మాట సత్యము కాజాలదనియు, విన్నదానిని బుద్ధితో పరీక్షించి చూడవలెననియు అందలి వాదము. ఇంగ్లీషును ఆయన ఆలస్యముగా నేర్చిరి. రంగపురమున డిగ్బీ దొరయొద్ద కొలువు చేయునపుడు ఆ దొరకు వచ్చు ఇంగ్లీషు పత్రికలను విడువక చదువుచు ఐరోపా ఖండపు రాజకీయములను తెలిసికొనిరి. 1814 ప్రాంతమున కలకత్తాలో స్థిరపడిరి.

అటుపిమ్మట వేదాంతమును, ఉపనిషత్తులను వంగభాషలోనికిని ఇంగ్లీషులోనికిని తెచ్చి అచ్చు వేయించిరి. శాస్త్రమున నిట్లున్నదని పండితులు చెప్పగా తల యూపుటయే గాని, ఉన్నదో లేదో చూచుకొను వీలు సామాన్యునకు అంతవరకు లేదు. 1818లో సహగమనమును గూర్చి వ్రాసిన పుస్తకమును సమర్థకునికిని ప్రతిపక్షికిని నడుమ సంభాషణముగా నడిపిరి. సమర్థకుడు అంగిరసుని, హారీతుని వచనములను చూపును. ప్రతిపక్షి మనుస్మృతిని చూపి, వితంతువు నియమముతో జీవింపవలెనని మనువు చెప్పియుండగా ఆ మాటకు విరుద్ధమైన ఇతర స్మృతి చెల్లదనును. ఎవరి ప్రమాణము బలవత్తరము అనునదే అక్కడి ప్రశ్న. ఎదుటివాని ప్రమాణమును దాచక ముందు వినిపించి, ఆపై ఖండించుట రాయలవారి పద్ధతి.

క్రైస్తవ మిషనరీలతోడి వాదమునను ఆయన ఈ పద్ధతినే పాటించిరి. 1820లో క్రీస్తు నీతిబోధలను మాత్రము ఏర్చి ఇంగ్లీషున ప్రకటింపగా, శ్రీరామపురపు మార్ష్మన్ దొర తీవ్రముగా ఆక్షేపించెను. అనువాదములను నమ్ముకొనక హెబ్రూ, గ్రీకు మూలములనే పట్టి రాయలవారు మూడు పర్యాయములు సమాధానము వ్రాసిరి. మూడవదానిని అచ్చు వేయుటకు బాప్టిస్టు మిషను అచ్చుకూటమువారు నిరాకరించిరి. రాయలవారు స్వంత అచ్చుకూటమును పెట్టుకొని 1823లో దానిని ముద్రించిరి. అంతకుముందు 1821లో మిషనరీల సమాచార దర్పణము హిందూ శాస్త్రములను నిందించుచు ఒక లేఖను ప్రకటించి, రాయలవారి ప్రత్యుత్తరమును యథాతథముగ వేయుటకు ఒప్పుకొనలేదు. అప్పుడాయన శివప్రసాదశర్మ అను పేరుతో బ్రాహ్మణ సేవధి అను పత్రికను వంగ, ఇంగ్లీషు భాషలలో వెలువరించి, ఆ లేఖను తన సమాధానమును కలిపి చదువరుల ముందుంచిరి.

1821 డిసెంబరులో వంగభాషలో సంవాద కౌముది బయలుదేరెను. అందు తోడ్పడిన భవానీచరణ బెనర్జీ సహగమన విషయమున విభేదించి విడిపోయి, 1822లో సమాచార చంద్రికను స్థాపించి పూర్వాచారమును సమర్థించెను. 1822 ఏప్రిలు 12వ తేదీన రాయలవారు పారసీకమున మిరాత్-ఉల్-అఖ్బార్ అను వారపత్రికను ఆరంభించిరి. వార్తల అద్దము అని దాని అర్థము. ప్రజల నిజస్థితిని పాలకులకును, పాలకుల చట్టములను ప్రజలకును తెలుపుట దాని ఉద్దేశము. కలకత్తా బిషప్పు మిడిల్టన్ మరణవార్తను వ్రాయుచు క్రైస్తవుల త్రిత్వ సిద్ధాంతమును ప్రస్తావించిన తీరు దొరలకు కంటగింపయ్యెను. ఉద్యోగియగు బేలీ దొర దేశీయ పత్రికలపై ఆ యేడే ప్రభుత్వమునకు వ్రాసిన నివేదికలో దీనిని ఎత్తి చూపెను.

1799లో వెల్లెస్లీ పెట్టిన ముందస్తు పరిశీలనమును 1818లో హేస్టింగ్సు ప్రభువు తొలగించి, కొన్ని నిబంధనలతో సరిపెట్టెను. ఆయన వెడలిపోగా 1823 జనవరిలో జాన్ ఆడమ్ తాత్కాలిక గవర్నరు జనరలయ్యెను. ఒక పాదిరికి ప్రభుత్వ ఉద్యోగమిచ్చుటను పరిహసించినందుకు కలకత్తా జర్నల్ సంపాదకుడు బకింగ్‌హామును ఆడమ్ దేశమునుండి వెడలగొట్టెను. మార్చి 14వ తేదీన క్రొత్త శాసనము వచ్చెను. పత్రిక నడుపువారు లైసెన్సు పొందవలెను. ఇచ్చిన లైసెన్సును ప్రభుత్వము తలచినపుడు రద్దు చేయవచ్చును.

ఆ శాసనము సుప్రీము కోర్టులో నమోదైనగాని అమలునకు రాదు. రాయలవారు, ద్వారకానాథ ఠాకూరు, ప్రసన్నకుమార ఠాకూరు మున్నగు ఆరుగురు కోర్టునకు వినతిపత్రము నిచ్చిరి. వ్రాతవలన కీడు కలిగినచో శిక్షించుటకు న్యాయస్థానములు ఉండనే యున్నవి. ఇంత విశాల దేశమును పాలించువారికి పొరపాటులు తప్పవు, వానిని తెలిసికొను దారి మూసికొనుట వారికే కీడు అని అందలి సారము. పత్రికలకు హద్దే వలదని వారు కోరలేదు. హద్దు మీరినది లేనిది న్యాయస్థానమున విచారణ జరిపి తేల్చవలెను గాని, ఒక అధికారి ఇష్టమునకు విడువరాదనిరి. న్యాయమూర్తి మాక్‌నాటన్ మాత్రము వాదము వినకమునుపే శాసనమును నమోదు చేయుదునని ప్రభుత్వమునకు మాట ఇచ్చియుండెను. ఆ సంగతిని తానే కోర్టులో చెప్పెను. వినతి త్రోసివేయబడెను.

అంతట రాయలవారు ఇంగ్లండు రాజునకు విన్నవించుకొనిరి. నిరంకుశులని పేరుబడిన మొగలు చక్రవర్తులు సైతము ప్రతి రాష్ట్రమున ఇద్దరు వార్తాలేఖకులను నియమించెడివారని అందు గుర్తుచేసిరి. బహిరంగముగ వ్రాయు అఖ్బార్ నవీసు ఒకడు, రహస్యముగ వ్రాయు ఖుఫియా నవీసు మరియొకడు. ఒక్కని మాటనే నమ్మిన ప్రభువు సుబాదారుని అక్రమమును ఎన్నటికిని తెలిసికొనలేడు గదా! ఈ విన్నపమును కూడ ఇంగ్లండులో త్రోసిపుచ్చిరి.

ఈలోగా 1823 ఏప్రిలు 4వ తేదీన మిరాత్ చివరి సంచిక వెలువడెను. రాయలవారు మూడు కారణములను తెలిపిరి. లైసెన్సు కొరకు దేశీయుడు బంట్రోతులను, జవానులను దాటుకొని అధికారి గుమ్మమున పడిగాపులు పడవలెను. బహిరంగ న్యాయస్థానమున ప్రమాణము చేయుట గౌరవస్థులకు తలవంపు. ఇంతయు చేసి పొందిన లైసెన్సు ఏ క్షణముననైనను పోవచ్చును.

ఈ నిర్ణయమును ఆక్షేపింపవచ్చును. లైసెన్సు పుచ్చుకొని చెప్పగలిగినంత చెప్పినచో పారసీకము చదువువారికి కొంతయైన మేలు జరిగెడిది కాదా? ఈ మాటలో బలము లేకపోలేదు. కాని భయముతో విడిచిన వార్త ఏదియో చదువరికి తెలియదు. ఉన్నదే సమస్తమని నమ్మును. ఎదుటివాని లేఖను సైతము తన పత్రికలో అచ్చు వేసిన మనుజుడు అట్టి పత్రికను నడుపజాలకపోవుట సహజమే.

1829 డిసెంబరు 4వ తేదీన బెంటింకు ప్రభువు సహగమనమును నిషేధించెను. చట్టముతో గాక నెమ్మదిగా కట్టడి చేయుట మేలని రాయలవారు మొదట ఆయనకు సలహా ఇచ్చిరి. చట్టము వచ్చిన పిదప దానిని గట్టిగా సమర్థించిరి. 1830లో ఢిల్లీ పాదుషా ఇచ్చిన రాజా బిరుదముతో ఇంగ్లండునకు పయనమైరి. నిషేధముపై ధర్మసభవారి అప్పీలును ప్రివీ కౌన్సిలు 1832లో కొట్టివేయునాటికి అక్కడనే యుండిరి. 1833 సెప్టెంబరు 27వ తేదీన బ్రిస్టలు నగరమున పరమపదించిరి.

ఆడమ్ శాసనమును 1835లో మెట్కాఫ్ దొర తాత్కాలిక గవర్నరు జనరలుగా నున్నపుడు తొలగించెను. లండనులోని కంపెనీ డైరెక్టర్లకు అది రుచింపలేదు. కలకత్తా పౌరులు మాత్రము చందాలు వేసికొని ఆయన పేర హుగ్లీ ఒడ్డున మెట్కాఫ్ హాలును కట్టించిరి. 1844లో పూర్తియైన ఆ భవనమున కలకత్తా పబ్లిక్ లైబ్రరీని ఉంచిరి. 1903లో ఇంపీరియల్ లైబ్రరీ అక్కడనే ప్రజలకు తెరువబడెను.