కౌలుదారు కుటుంబమునకు అండ: బూర్గుల రామకృష్ణారావు గారు

భూమిని దున్నునది యొకరు, పంట ననుభవించునది వేరొకరు. హైదరాబాదు రాజ్యమున తరతరములుగా నడచిన రీతి యిది. నేడు తెల్లవారక మునుపే గుడిమల్కాపూరు మార్కెట్టునకు బంతులు, చేమంతులు, కూరగాయలు చేర్చు రైతు కుటుంబములలో, తాతల కాలమున పరుల పట్టాభూమిని కౌలుకు దున్నిన కుటుంబములు లేకపోలేదు. దున్నినవానికి ఆ నేలపై నొక హక్కు కలదను చట్టమును నడపి, దానిని మరింత గట్టిపరచిన బాధ్యతను తలకెత్తుకొనిన పెద్దలలో ముందుగా స్మరింపదగినవారు కీర్తిశేషులు బూర్గుల రామకృష్ణారావు గారు. ముఖ్యమంత్రి పదవి నలంకరింపక పూర్వము వారు గ్రంథాలయ సేవకులు. కావున ఒక గ్రంథాలయపు రజతోత్సవ సమయమున వారి చరిత్రను తలచుకొనుట మిక్కిలి సముచితము.

రామకృష్ణారావు గారు 1899వ సంవత్సరము మార్చి 13వ తేదీన మహబూబునగరు జిల్లా కల్వకుర్తి తాలూకాలోని పడకల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి నరసింగరావు గారు, తల్లి రంగనాయకమ్మ గారు. వారి వంశనామము పుల్లంరాజు వారు. షాద్‌నగరు ప్రాంతమునందలి బూర్గుల వారి స్వగ్రామ మగుటచే ఆ యూరి పేరే లోకమున వారి యింటిపేరుగా స్థిరపడినది. హైదరాబాదున విద్యారంభము గావించి, పూనా ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రులై, బొంబాయి విశ్వవిద్యాలయము నుండి న్యాయశాస్త్ర పట్టము పొందిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకము, మరాఠీ, కన్నడము, ఆంగ్లము వారికి వశమైన భాషలు. ఇన్ని భాషలు నేర్చిన వ్యక్తి తన జీవితమున అధిక భాగమును, ఒక్క భాషయు చదువ నేర్వని జనుల పనులకై వెచ్చించుట గమనింపదగిన విషయము.

ఆ కాలమున నిజాము రాజ్యములో కచేరీల భాష ఉర్దూ. ప్రజలలో అత్యధికుల భాష తెలుగు, మరాఠీ, కన్నడములు. రైతు తన భూమిని గూర్చిన కాగితమును తాను చదువలేడు. అర్జీ వ్రాయవలెనన్న నొకరిని, వచ్చిన హుకుము చదివించుకొనవలెనన్న మరియొకరిని ఆశ్రయింపవలెను. 1921వ సంవత్సరమున హైదరాబాదులోని వివేకవర్ధని ప్రాంగణమున జరిగిన సంఘసంస్కార సభలో నొక తెలుగు వక్త తన మాతృభాషలో ప్రసంగింపబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానము నుండి పుట్టినది ఆంధ్రజన సంఘము. మాడపాటి హనుమంతరావు పంతులు గారు దానికి ప్రాణము. వారితో కలిసి పనిచేసిన యువకులలో రామకృష్ణారావు గారు ముఖ్యులు. ఊరూర గ్రంథాలయములను, పాఠశాలలను నెలకొల్పుట, వెట్టిచాకిరి వంటి దురాచారములను గూర్చి ప్రజలకు తెలియజెప్పుట ఆ సంఘము చేపట్టిన పనులు.

1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు రామకృష్ణారావు గారు కార్యదర్శిగా పనిచేసిరి. నేటి చదువరులకు గ్రంథాలయ కార్యదర్శి పదవి సామాన్యముగా తోచవచ్చును. ఆనాడు బహిరంగ సభ జరుపవలెనన్న సర్కారు అనుమతి ముందుగా పొందవలసి యుండెను. నలుగురు కూడి పత్రిక చదువుకొను చోటు అధికారుల కంట పడక తప్పెడిది కాదు. అట్టి రోజులలో గ్రంథాలయమును నడపుట ధైర్యముతో కూడిన దేశసేవయే. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి యధ్యక్షతన మొదటి నిజామాంధ్ర మహాసభ జరుగగా, 1931లో దేవరకొండలో జరిగిన రెండవ మహాసభకు రామకృష్ణారావు గారు అధ్యక్షత వహించిరి.

న్యాయవాదిగా వారు హైదరాబాదున గొప్ప పేరు గడించిరి. పిమ్మట భారత ప్రధాని పదవి నధిష్ఠించిన పి. వి. నరసింహారావు గారు యౌవనమున వీరివద్దనే వృత్తిలో మెలకువలు నేర్చిరి. న్యాయస్థానములలో రామకృష్ణారావు గారికి నిత్యము ఎదురైనది భూమి తగాదాయే.

నాటి భూమి వ్యవహారమును కొంత తెలిసికొననిదే వారు చేసిన పని విలువ తెలియదు. రాజ్యపు విస్తీర్ణములో సుమారు నూటికి 60 వంతులు దివానీ. అనగా సర్కారు నేరుగా శిస్తు వసూలు చేయు ప్రాంతము. తక్కినదానిలో అధిక భాగము జాగీర్దారుల యేలుబడిలో నుండగా, మిగిలినది నిజాము సొంత ఖర్చులకై ప్రత్యేకింపబడిన సర్ఫెఖాసు. నగరము చుట్టునున్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఈ సర్ఫెఖాసునకు చెందినదే. దివానీలో సైతము దేశ్‌ముఖులు, పెద్ద పట్టాదారులు వేలకొలది ఎకరములను తమ పేర వ్రాయించుకొనిరి. పట్టా వారిది, దున్నెడి రెక్కలు కౌలుదారువి. కౌలు మాట నోటిమాట. ఏటి కేడు భూమి నుండి తొలగింపవచ్చును. బావి త్రవ్వినను, గట్టు వేసినను, ఎరువు తోలినను, బాగుపడిన నేల మరుసటి యేట ఎవరి చేత నుండునో తెలియదు. ఇట్టి స్థితిలో కష్టించు కుటుంబము కూడబెట్టునదేమి, పైకి వచ్చునదెట్లు?

రామకృష్ణారావు గారు హైదరాబాదు స్టేటు కాంగ్రెసు నాయకులలో నొకరై, స్వాతంత్ర్యోద్యమమున కారాగారవాసము ననుభవించిరి. ఆ సమయముననే తెలంగాణపు పల్లెలలో వెట్టికిని, బేదఖలుకును ఎదురు తిరిగిన రైతుకూలీలు కమ్యూనిస్టుల నాయకత్వమున ఆంధ్రమహాసభ జెండా క్రింద పోరాటమునకు దిగిరి. 1946వ సంవత్సరము జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణము లర్పించెను. 1951 అక్టోబరు వరకు సాగిన ఆ సాయుధ పోరాటపు మార్గము రామకృష్ణారావు గారి మార్గము కాదు. అయినను, దున్నువానికి భూమి దక్కవలెనను ప్రశ్నను ఏ ప్రభుత్వమును దాటవేయలేని స్థితికి దెచ్చినది ఆ పోరాటమే యనుట సత్యము.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున విలీనమయ్యెను. 1949లో సర్ఫెఖాసు దివానీలో కలిసిపోయెను. ఆ యేడే ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనము వెలువడెను. పిమ్మట 1950 జూన్ 10వ తేదీన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము అమలులోనికి వచ్చెను. ఆ నెలలోనే వెల్లోడి గారు ముఖ్యమంత్రిగా నుండిన ప్రభుత్వమున రామకృష్ణారావు గారు రెవెన్యూ మంత్రిగా చేరిరి. విద్యాశాఖయు వారిదే. చట్టమును కాగితము మీది నుండి పొలము గట్టు మీదికి దెచ్చు భారము ఆ విధముగా వారి పైబడెను.

ఆ చట్టములో ముఖ్యమైన మాట రక్షిత కౌలుదారు. ఫసలీ 1342 మొదలు 1352 వరకు గల కాలములో ఎడతెగక ఆరేండ్లు ఒక భూమిని కౌలుకు దున్నినవాడు గాని, 1948 జనవరి 1వ తేదీకి ముందు వరుసగా ఆరేండ్లు దున్నినవాడు గాని, ఫసలీ 1353 మొదలు చట్టము వచ్చులోపల ఆరేండ్లు నిండినవాడు గాని రక్షిత కౌలుదారు డగును. అట్టివానిని చట్టములో చెప్పిన కారణము లేక తొలగింపరాదు. భూస్వామి భూమి నమ్మదలచిన ముందుగా వానికే యియ్యవలెను. తానే కోరి, నిర్ణీతమైన వెలకు, వాయిదాలపై కొనుటకును వానికి హక్కు కలదు. వాడు మరణించినచో ఆ హక్కు వారసులకు చెందును. ఈ విధముగా రాజ్యమంతట సుమారు 6 లక్షలమంది రక్షిత కౌలుదారులుగా నమోదైరి. ఏటి కేడు భయపడిన కుటుంబమునకు నొక నిలుకడ దొరకెను.

1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో రామకృష్ణారావు గారు షాద్‌నగరు నుండి గెలుపొంది, మార్చి నెలలో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రులైరి. ప్రజలెన్నుకొనిన శాసనసభకు బాధ్యులైన మొదటి ముఖ్యమంత్రి వారే. ఆ సెప్టెంబరులోనే ముల్కీ ఆందోళన చెలరేగి, నగరమున పోలీసు కాల్పులలో ప్రాణనష్టము జరిగెను. ఆ పాలన చరిత్రలో నది చెరగని మచ్చ.

1954లో వారి మంత్రివర్గము కౌలుదారీ చట్టమును సవరించెను. ఆ సవరణకు మూలమైన కొలబద్ద కుటుంబ కమతము. అయిదుగురుగల కుటుంబము తన రెక్కల కష్టముతో సేద్యము చేసి, పంట విలువలో సగము ఖర్చుల క్రింద తీసివేయగా, ఏటికి 800 రూపాయలు మిగులునంతటి నేల కుటుంబ కమతము. ఎకరములతో గాక కుటుంబపు జీవనముతో భూమిని కొలుచుట యిందలి విశేషము. నల్లరేగడిలో నది కొన్ని యెకరములు, చల్కలో మరికొన్ని యెకరములు కావచ్చును. కొలమానము మాత్రము అయిదుగురి బ్రతుకు. భూస్వామి స్వంత సేద్యము పేరిట కౌలుదారు నుండి భూమిని తిరిగి తీసికొనుటకు మూడు కుటుంబ కమతములు హద్దు. ఒకరి క్రింద నుండదగిన భూమికి నాలుగున్నర కుటుంబ కమతములు పరిమితి. కౌలు భూమిశిస్తుకు ఇన్ని రెట్లకు మించరాదని నిర్ణయింపబడెను. ప్రభుత్వమే ప్రకటన ద్వారా రక్షిత కౌలుదారునకు యాజమాన్యమును బదలాయించుటకు వీలు కల్పించు 38-ఇ అను విభాగమును అప్పుడే చేరినది. దేశమున నానాడు వెలువడిన భూసంస్కరణ చట్టములలో నిది ముందడుగు వేసినదని పండితుల యభిప్రాయము.

అయితే ఫలిత మెట్లున్నది? ఆర్థిక శాస్త్రజ్ఞులైన ఆచార్య ఏ. ఎం. ఖుస్రో గారు పల్లెలలో పరిశీలన జరిపి, 1958లో గ్రంథముగా ప్రకటించిరి. దాని ప్రకారము 1951లో రక్షిత కౌలుదారులైన ప్రతి నూరుగురిలో, నాలుగేండ్లు గడచునప్పటికి ఆ స్థితిలో మిగిలినవారు సుమారు 45 మంది. భూమిని కొని సొంతదారులైనవారు సుమారు 12 మంది. చట్టప్రకారము తొలగింపబడినవారు ముగ్గురికి మించరు. తక్కిన నలువదిమందిలో కొందరు అక్రమముగా వెళ్లగొట్టబడిరి, కొందరు స్వచ్ఛందముగా వదలుకొనిరని కాగితములలో నెక్కిరి. చట్టమేమో కౌలుదారు భూమిని వదలుకొనదలచిన వ్రాతమూలకముగా, తహసీలుదారు నెదుట ఒప్పుకొనవలెనని శాసించినది. కాని చదువురాని చేతి వ్రేలిముద్రకు స్వచ్ఛంద మేది, నిర్బంధ మేది? పట్వారీ పహాణీలో ఎవరి పేరు వ్రాసెనో దున్నిన వానికే తెలియదు. అప్పు ఇచ్చువాడు భూస్వామి, విత్తనము లిచ్చువాడు భూస్వామి, ఊరి తగవు తీర్చువాడును భూస్వామి. వానితో వ్యాజ్యమాడి యే కుటుంబము ఊరిలో నిలువగలదు? చట్టము గట్టిదే. దాని నందుకొనవలసిన చేయి దుర్బలము.

ఈ లోపమునకు బాధ్యత ప్రభుత్వమునకు లేదనుట న్యాయము కాదు. చట్టమునకును, దాని అమలునకును నడుమ గడచిన కాలమున భూస్వాములు మేలుకొనిరి, అధికారులు నిదురించిరి. 38-ఇ విభాగము క్రింద తెలంగాణమున విస్తారముగా యాజమాన్యపు బదలాయింపు జరుగుటకు 1973 జనవరి 1వ తేదీ వరకు వేచియుండవలసి వచ్చెను. అప్పటికి రామకృష్ణారావు గారు లేరు. అయినను ఆ నాటికి భూమిని విడువక పట్టుకొని నిలిచిన కుటుంబములకు యాజమాన్యము దెచ్చిపెట్టినది వారి కాలమున చేరిన ఆ విభాగమే.

వారు రెవెన్యూ మంత్రిగా నుండగనే, 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావే గారి యెదుట పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరముల దాన మొసగగా భూదానోద్యమము పుట్టెను. ముఖ్యమంత్రిగా నుండగా, 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ గారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. నేలకు హక్కు, నేలకు నీరు, ఈ రెండును కలిసిననే రైతు కుటుంబము నిలదొక్కుకొనును.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడగా రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి పదవి నుండి తప్పుకొని, ఆ నెలలోనే కేరళ గవర్నరులైరి. 1960 నుండి 1962 వరకు ఉత్తరప్రదేశ గవర్నరుగాను, పిమ్మట రాజ్యసభ సభ్యులుగాను సేవచేసిరి. పదవుల నడుమను సాహిత్యమును విడువలేదు. శంకరాచార్యుల సౌందర్యలహరిని, కనకధారాస్తవమును తెనిగించిరి. వారి వ్యాసములు సారస్వత వ్యాస ముక్తావళి యను పేర వెలువడినవి. 1967 సెప్టెంబరు 14వ తేదీన వారు పరమపదించిరి.

వారి జీవితమున రెండు పనులు కానవచ్చును. ఒకటి గ్రంథాలయము, రెండవది భూమిచట్టము. పైకి వేరుగా దోచినను ఇవి రెండును ఒక్క పనియే. చట్టము కుటుంబమునకు హక్కు నీయగలదు గాని, ఆ హక్కు ఏ పుటలో నున్నదో చదివి చెప్పలేదు. అక్షరము వచ్చినవాడు తన పహాణీని తాను చూచుకొనును, తెలియని కాగితము మీద వ్రేలిముద్ర వేయడు. నూటికి నలువదిమంది చేజార్చుకొనిన భూమిలో కొంతయైనను, ఊరనొక గ్రంథాలయము, దానిలో అర్జీ వ్రాసిపెట్టు నొక చదువరి యుండిన నిలిచియుండెడిది. తెల్లవారుజామున పూలబుట్ట నెత్తి మీద పెట్టుకొని బయలుదేరు తల్లిదండ్రుల బిడ్డ, సాయంకాలము గ్రంథాలయమున కూర్చుండి తన యింటి పట్టా కాగితమును తానే చదువగలిగిన నాడు, బూర్గుల వారు మొదలిడిన పని పూర్తియైనట్లు భావింపవచ్చును.