బోర్డుల మీది మాంటిస్సోరి ఎవరు?

మా కొల్లేరు వైపు ఊళ్లలో స్కూలు బోర్డుల మీద మాంటిస్సోరి అనే మాట అందరూ చూసే ఉంటారు. చాలామందికి అది ఇంగ్లీషు మీడియానికి ఇంకో పేరు. బీకాం అయ్యేదాకా నేనూ అలాగే అనుకున్నా. తీరా చూస్తే అది ఒక డాక్టరమ్మ పేరు. పైగా ఆవిడ మొదట పాఠాలు తయారుచేసింది ర్యాంకుల పిల్లలకు కాదు, ఏ బడీ చేర్చుకోని పిల్లలకు.

ఇది నేను వెతికింది ముదినేపల్లిలో ఉండే మా ఖాలా మనవడి వల్ల. ఎనిమిదేళ్ల బాబు. మాటలు ఆలస్యంగా వచ్చాయి, ఏదైనా నెమ్మదిగా నేర్చుకుంటాడు. పోయినేడు ఒక ప్రైవేటు స్కూలుకు తీసుకెళ్తే, సిలబస్ అందుకోలేడని వెనక్కి పంపేశారు. ఖాలా రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవాల్లె అనే ఊళ్లో పుట్టారు. నాన్న ప్రభుత్వ ఉద్యోగి. ఆడపిల్ల డాక్టరు కావడమేంటని చుట్టూ అందరూ అన్న రోజులు. మగవాళ్లతో కలిసి శవాన్ని కోయడం తప్పని, క్లాసు అయిపోయాక ఆవిడ ఒక్కరే ఆ గదిలో చదువుకోవాల్సి వచ్చేది. 1896లో రోమ్ యూనివర్సిటీ నుంచి డాక్టరు పట్టా తీసుకున్నారు.

ఆ తర్వాత మానసిక రోగుల క్లినిక్‌లో పని. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని అప్పట్లో పెద్ద రోగులతో కలిపి పిచ్చాసుపత్రుల్లో పడేసేవారు. ఖాళీ గది, చేతికి తాకడానికి ఒక్క వస్తువు ఉండదు. తిండి అయ్యాక నేల మీది రొట్టె ముక్కల కోసం వాళ్లు ఎగబడుతుంటే కాపలా మనిషి అది తిండి యావ అనుకుందని, మాంటిస్సోరికి మాత్రం అది చేతులకు పని లేని ఆకలిగా కనిపించిందని చెబుతారు.

ఆవిడ పాత పుస్తకాలు వెతికారు. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పిన ఇటార్, సెగ్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్ల రాతలు దొరికాయి. వాటిని మొత్తం తన చేత్తో ఇటాలియన్‌లోకి రాసుకున్నారు. తేల్చుకున్న సంగతి ఒకటి: వీళ్ల సమస్యలో మందు భాగం తక్కువ, చదువు చెప్పే తీరు భాగం ఎక్కువ. మన ఇళ్లలో ఇలాంటి బిడ్డ ఉంటే డాక్టర్ల చుట్టూ తిరుగుతాం, తావీజు కట్టిస్తాం, దర్గాకి వెళ్తాం. దువా ఎప్పుడూ మంచిదే. కానీ వాడికి ఏం నేర్పాలి, ఏది ముందు, ఏది వెనక అని కూర్చుని ఆలోచించేవాళ్లు తక్కువ.

1900లో రోమ్‌లో ఈ పిల్లల కోసం, వాళ్లకు చెప్పే టీచర్ల కోసం ఒక బడి తెరిచారు. మాంటిస్సోరి, డాక్టర్ మాంటెసానో కలిసి నడిపారు. పొద్దున 8 నుంచి రాత్రి 7 దాకా ఆవిడే పిల్లల దగ్గర ఉండేవారు. రాత్రి ఇంటికెళ్లి ఏ బిడ్డ ఎక్కడ ఆగాడో రాసుకునేవారు. సిలబస్ తయారైంది ఆ నోట్సులోంచే.

ఒక అమ్మాయికి కుట్టు ఎంత చెప్పినా రాలేదు. సూది పైకి కిందకి ఎలా పోవాలో చేతికి అందడం లేదు. మాంటిస్సోరి కుట్టు ఆపేసి, కాగితం పట్టీలతో చాప అల్లడం ఇచ్చారు. ఒక పట్టీ పైనుంచి, ఒకటి కిందనుంచి. తుంగ చాప అల్లడం చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అల్లిక బాగా వచ్చాక మళ్లీ సూది ఇస్తే ఆ అమ్మాయి కుట్టేసింది. పని చేయించే ముందు ఆ పనికి కావలసిన చేతి కదలికను వేరేగా నేర్పాలన్నమాట. ఆవిడ పద్ధతికంతా ఇదే పునాది అని నాకనిపిస్తుంది.

అక్షరాలూ అంతే. చెక్కతో పెద్ద అక్షరాలు చేయించారు, అచ్చులకు ఎరుపు, హల్లులకు నీలం. పిల్లలు ముందు వాటి మీద వేలు తిప్పాలి. తర్వాత రెండు వేళ్లు, తర్వాత చిన్న పుల్ల. కలం పట్టుకునే సరికి చేతికి అక్షరం తెలిసిపోయి ఉంటుంది. చెక్కవి ఖరీదు కాబట్టి తర్వాత గరుకు కాగితం కత్తిరించి అట్టల మీద అంటించారు. గుండీలు పెట్టుకోవడం, తాడు ముడి వేయడం కూడా పాఠాలే. చెక్క చట్రానికి గుడ్డ బిగించి దాని మీద అలవాటు చేయించేవారు.

ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లలతో పాటు పరీక్ష రాసి పాసయ్యారు. రోమ్ అంతా అద్భుతం అంది. ఆవిడ ఆలోచన మాత్రం వేరే వైపు పోయింది. తన పిల్లలు ఇంత చేయగలిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని మామూలు బళ్లు ఎందుకు ఇంత కింద ఉంచుతున్నాయని. 1901లో ఆ బడి వదిలేశారు. సొంత జీవితంలోనూ దెబ్బ తగిలింది. కొడుకు మారియో వేరే ఇంట్లో పెరిగాడు, చాలా ఏళ్ల తర్వాతే తల్లి దగ్గరకు చేరాడు.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో పిల్లల ఇల్లు తెరిచి, అవే వస్తువుల్ని మామూలు పిల్లల ముందు పెట్టారు. పేరు ప్రపంచమంతా పాకింది. ముసోలినీతో చెడి 1934లో దేశం వదిలారు.

1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసు అడయార్ వచ్చారు. అప్పుడు మన కృష్ణా జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. టీచర్ల ట్రైనింగ్‌కి సుమారు 300 మంది చేరారు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిష్ వాళ్లు మారియోను అహ్మద్‌నగర్ క్యాంపులో పెట్టారు, ఆవిడను అడయార్ దాటనివ్వలేదు. ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజుకు కొడుకును వదిలారు. కొన్ని నెలల కోసం వచ్చిన మనిషి దాదాపు ఏడేళ్లు ఇక్కడే ఉండిపోయారు. 1949లో పాకిస్తాన్ కూడా వెళ్లి టీచర్లకు నేర్పారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో చనిపోయారు.

పేరు మిగిలింది. పేరుతో పాటు రావలసిన ఆ మొదటి పిల్లలే బోర్డు బయట ఉండిపోయారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలు వైకల్యం పేరు చెప్పి బిడ్డను వెనక్కి పంపకూడదని 2016 చట్టం ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా చదువు ఉచితం. దానికి సదరం సర్టిఫికెట్ కావాలి. మండలాల్లో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలు ఉన్నాయి. మా వాళ్లకు ఇవేవీ తెలియవు, స్కూలువాళ్లు అన్నది విని తలదించుకుని వచ్చేశారు.

ఖాలా ఇప్పుడు ఒక చెక్క పలకకు పాత కుర్తా ముక్కలు రెండు మేకులతో కొట్టి, పెద్ద పెద్ద గుండీలు కుట్టింది. బాబు రోజూ అసర్ తర్వాత దాంతో కూర్చుంటాడు. రెండు నెలలైంది. చొక్కాకి కింది మూడు గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. మెడ దగ్గరది ఇంకా రావడం లేదు.