ఇంటి చదువును బడికి తెచ్చిన భోపాల్ బేగం

అచ్యుతాపురంలో అమ్మాయి ఇంటర్ తర్వాత హోంసైన్స్ చదువుతానంటే, వంటకి డిగ్రీ ఎందుకమ్మా అనేవాళ్లు ఇంకా ఉన్నారు. భోపాల్‌ను ఏలిన సుల్తాన్ జహాన్ బేగం అలా అనుకోలేదు. 1858లో పుట్టారు. ఇద్దరు కూతుళ్లూ చిన్న వయసులోనే ఇంతెకాల్ అయ్యారు. 1901లో గద్దెనెక్కి, 1903లో సుల్తానియా బాలికల స్కూలు పెట్టారు. ఖురాన్, ఉర్దూ, లెక్కలతో పాటు ఇంటి నిర్వహణ కూడా అక్కడ పాఠమే. ఆరోగ్యం, శుభ్రత, పిల్లల పెంపకం మీద ఆవిడే ఉర్దూలో పుస్తకాలు రాశారు. రాజ్యమేలే మనిషికి ఇంత తీరిక ఎక్కడిదో!

1920లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి మొదటి ఛాన్సలర్ అయ్యారు. 1930లో కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఇవాళ అక్కడ హోంసైన్స్ విభాగం ఉంది. మన గుంటూరులో రంగా వ్యవసాయ యూనివర్సిటీ కాలేజీలోనూ ఇదే చదువు. పేరు మాత్రం కమ్యూనిటీ సైన్స్. పోషకాహారం, బట్టలు, పిల్లల ఎదుగుదల అన్నీ అందులోనే.