డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణపు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. ఫలితములకై ఎదురుచూచు మన విద్యార్థు లీ సంగతిని గమనింతురు గాక! పిదప వైద్యకళాశాలయందు ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాశాలకు బోగా ఆచార్యునకు ఆగ్రహము కలిగెను, తుదకు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టమే లభించెను. ఆ దినములలోనే ఇద్దరు సోదరులు సంగ్రహణిచే కొలది దినముల యెడమున మరణించిరి.

1922లో బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రి పనివానిగా నుండి హార్వర్డున చదివిరి. అచ్చట ఫిస్కె పండితునితో గూడి, ద్రవమునకు నీలివర్ణము కలిగించి ఆ వర్ణపు గాఢతచే భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ కొలతయే 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కండరములలో బయలుపరచెను. జర్మనీలో లోమను అను శాస్త్రజ్ఞుడును అదే యేట ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను.

ఈ ఏ.టి.పి.యందు మూడు ఫాస్ఫేటులు గలవు. కండరమునకు బలమిచ్చుటయే దీని పని కాదు. కణములోని కొన్ని ఎంజైములు దీని కొనయందలి ఫాస్ఫేటును దీసి మాంసకృత్తులకు తగిలించును. అంతటితో ఆ మాంసకృత్తు నడవడి మారును. ఒక యుదాహరణము: జన్యువు పంపిన ఆజ్ఞను మోయు ఆర్.ఎన్.ఏ.ను, చిన్న ఆర్.ఎన్.ఏ. తోడుతో ఆర్గొనాట్ అను మాంసకృత్తు పట్టి నోరుమూయించును. పట్టిన పిమ్మట ఆర్గొనాటునకు ఫాస్ఫేటులు తగిలిన పట్టు సడలును; వేరొక ఎంజైము వానిని తొలగింపగా అది మరియొక ఆజ్ఞను పట్ట సిద్ధమగును. ఇది 2017లో తేలిన విషయము. తగిలించుట యెంత ముఖ్యమో తీసివేయుటయు నంతే. సుబ్బారావుగారి కాలమున నిది యెవరికిని తెలియదు. కాని ఆ ఫాస్ఫేటునకు మూలమగు ఏ.టి.పి.ని ఎరిగించినవారిలో వారొకరు.

1940లో లెడర్లె ఔషధశాల చేరి ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ మున్నగువాని పరిశోధనలను నడపిరి. బోదకా లన నేమో మన రాజాము ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. ప్రభుత్వమువా రింటింట పంచిన డి.ఇ.సి. మాత్రలలోని మందు 1947లో వారి పర్యవేక్షణముననే వెలువడినది.

1948 ఆగస్టులో, 53వ యేట, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలో మరణించిరి. 1922లో ఓడ యెక్కినది మొదలు స్వదేశమును మరల చూడలేదు. భార్య శేషగిరిగా రిచ్చటనే యుండిపోయిరి.