సాలగ్రామముల శాస్త్రజ్ఞుడు డాక్టరు స్టోలిచ్కా

దేవతార్చన పెట్టెలో సాలగ్రామమును చూడని ఆంధ్రుడుండడు. దానిలోపల కానవచ్చు చక్రములు పూర్వకాలమున సముద్రములో జీవించిన యొక జంతువుయొక్క గుల్ల మిగిల్చిన ముద్రలనియు, ఆ జంతువునకు పాశ్చాత్యులు అమ్మొనైటు అని పేరిడిరనియు నేడు విద్యార్థులు సయితము చదువుచున్నారు. అట్టి గుల్లలు గండకీతీరముననే గాక, చెన్నపట్టణమునకు దక్షిణముననున్న అరియలూరు ప్రాంతపు మెట్టపొలములలోను విరివిగా దొరకును. వానిని సమగ్రముగ పరిశీలించి లోకమునకు తెలిపినవాడు మొరావియా దేశపు చెక్కు వంశజుడగు ఫెర్డినాండు స్టోలిచ్కా. కలకత్తా పండితులాయనను ఎరుగుదురు. లే పట్టణమున ఆయన స్మారకస్తంభమున్నది. ఆయన యశస్సునకు మూలమైన శిలలుగల మన దక్షిణదేశమున మాత్రము ఆ పేరు వినబడదు. కావున ఆయన చరిత్రమును కొంత వివరించుచున్నాము.

స్టోలిచ్కా 1838 సంవత్సరము జూను 7వ తేదీన మొరావియాలోని క్రోమ్యెరిజ్ పట్టణ సమీపమున జన్మించెను. తండ్రి అడవులను కాచు ఉద్యోగి. ఆనాడు చెక్కులకు స్వంతరాజ్యము లేదు. వారు వియన్నాలోని ఆస్ట్రియా చక్రవర్తికి ప్రజలు. కనుకనే పలు గ్రంథములలో ఈయన ఆస్ట్రియా దేశీయుడనియే వ్రాయబడినాడు. వియన్నా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డు స్యూసు మున్నగు ఆచార్యులకడ భూగర్భశాస్త్రము నభ్యసించి, 1861లో ట్యూబింగెన్‌లో డాక్టరు పట్టము నందెను. కొలదికాలము ఆస్ట్రియా భూగర్భశాఖలో పనిచేసెను. భారతదేశపు భూగర్భశాఖకు అధిపతియైన టామసు ఓల్డుహాము, శిలాజములను పోల్చి నిర్ణయింపగల సమర్థుని వెదకుచుండి ఈయనను పిలిపించెను. ఇరువదినాలుగేండ్ల యువకుడు 1862లో కలకత్తా చేరెను.

అప్పటికే అక్కడ పెట్టెలకొలది గుల్లలు సిద్ధముగనుండెను. వాని కథ కొంత పాతది. 1840 ప్రాంతమున చెన్నపట్టణపు సివిలు ఉద్యోగియైన కేయి దొర, ఆతని మిత్రులు పుదుచ్చేరి సమీపమున కొన్ని శిలాజముల నేరి లండనుకు పంపగా, ఎడ్వర్డు ఫోర్బ్సు అను విద్వాంసుడు వానిని వర్ణించి 1846లో ప్రకటించెను. పిదప భూగర్భశాఖ పక్షమున హెన్రీ బ్లాన్‌ఫర్డు తిరుచిరాపల్లి, దక్షిణ ఆర్కాటు జిల్లాలు తిరిగి, అక్కడి శిలలను ఊటత్తూరు, తిరుచిరాపల్లి, అరియలూరు అను మూడు వర్గములుగ విభజించెను. ఆ మూడు పేర్లును నేటికిని శాస్త్రగ్రంథములలో నిలిచియున్నవి. బ్లాన్‌ఫర్డు తన సేకరణలో కొలదిభాగమును మాత్రమే వర్ణింపగలిగెను. తక్కినదంతయు స్టోలిచ్కా మీద పడినది.

ఆ పని యెట్టిదో పాఠకులు ఊహింపవలెను. ఒక్కొక్క గుల్లకు అంటిన రాతిని సూదితో తొలగింపవలెను. మలుపులను, నొక్కులను లెక్కింపవలెను. ఐరోపా గ్రంథములలోని బొమ్మలతో పోల్చి, అది తెలిసిన జాతియో క్రొత్తదో తేల్చవలెను. పిమ్మట చిత్రకారునిచేత ఉన్నదున్నట్లు వ్రాయింపవలెను. కలకత్తా ఉక్కలో ఈ పనిని ఆయన పదేండ్లు చేసెను. అమ్మొనైట్లతో ప్రారంభించి, నత్తగుల్లలు, ఆలుచిప్పలు, తుదకు సముద్రపు ముళ్లకాయలు, పగడములు మొదలగువానితో 1873లో ముగించెను. నాలుగు సంపుటములలో ఆయన వ్రాసినది సుమారు 1500 పెద్దపుటలు, 178 చిత్రఫలకములు. సుమారు పదికోట్ల యేండ్లనాడు మొదలై, ఆరున్నర కోట్ల యేండ్ల క్రిందటివరకు కోరమండల తీరమును ముంచి వెడలిన సముద్రముయొక్క జీవరాశి అంతయు అందు పట్టిక వేయబడినది. లోపములు లేవని మేమనము. 1890 దశాబ్దమున వియన్నా పండితుడు కొస్మాటు ఆ అమ్మొనైట్లను మరల పరీక్షించి పెక్కింటి పేర్లు మార్చెను. అయినను ఆ దిద్దుబాట్లకు ఆధారమైనది స్టోలిచ్కా గ్రంథమే.

ఈ భారము చాలదన్నట్లు, ఆయన స్పితి కొండలు తిరిగి అక్కడి శిలల వరుసను నిర్ణయించెను. కచ్ఛము, బర్మా, నికోబారు దీవులు చూచెను. పక్షులు, పాములు, నత్తలు ఏవి కంటబడినను వర్ణించి బెంగాలు ఏషియాటికు సొసైటీ పత్రికలో ప్రకటించెను. ఆ సంఘమునకు ప్రకృతిశాస్త్ర కార్యదర్శిగను పనిచేసెను. 1872లో ఆయన వర్ణించిన యొక యెడారి పిట్టకు ఇంగ్లీషున ఆయన పేరే వాడుకలోనున్నది.

దక్షిణదేశపు గ్రంథము ముగిసిన యేడే యార్కందు ప్రయాణము వచ్చినది. కాష్గరు పాలకుడు యాకూబు బేగుతో వర్తకపు ఒడంబడికకై ఫోర్సైతు దొర నాయకత్వమున పంపబడిన రాయబారవర్గమున స్టోలిచ్కా ప్రకృతిశాస్త్రజ్ఞుడుగ చేరెను. రాయబారము దొరతనమువారి రాజకీయము. ఈయనకు కావలసినది కారకోరము ఆవలి రాళ్లు. నడిచలికాలమున చాటిర్ సరస్సువరకు, 1874 వసంతమున పామీరు మీదుగా వఖాను వరకు పోయివచ్చెను. తిరుగుప్రయాణమున జూను 16వ తేదీన కారకోరము కనుమ దాటెను. అప్పటికే తీవ్రమైన తలనొప్పి, ఊపిరి సలుపని బాధ. మూడుదినములకు, 19వ తేదీన, ముర్గో అను విడిదిలో మరణించెను. ముప్పదియారు నిండి పండ్రెండు దినములే యైనది. దేహమును లే పట్టణమునకు తెచ్చి పాతిరి. ప్రభుత్వమువారు 1876లో అక్కడ స్మారకస్తంభము నిలిపిరి. ఆయన కూర్చిన సామగ్రినిబట్టి ఇతరులు వ్రాసిన సంపుటములు ఒకటొకటిగ వెలువడినవి. పక్షుల భాగము 1891 వరకు రాలేదు.

అరియలూరు నేడు ప్రత్యేకజిల్లా. కల్లంకురిచ్చి వద్ద ఆలుచిప్పలు గుట్టలుగ పేరుకొన్న సున్నపురాతి పొరలున్నవి. ఆ రాతిని త్రవ్వి సిమెంటు చేయుచున్నారు. సిమెంటు అక్కరలేదని మేమనుట లేదు. మా పత్రిక అచ్చగు భవనమును దానితోనే కట్టిరి. కాని త్రవ్వకమునకు ముందు ప్రతిపొరను చూచి గుల్లలను వేరుపరచు బాధ్యత యెవరిది? స్టోలిచ్కా చేత పట్టి చూచిన మాదిరులు కలకత్తాకు తరలినవి. క్రొత్తగ బయటపడునవైనను చెన్నపట్టణపు ప్రదర్శనశాలకో, అరియలూరు పాఠశాలలకో చేరవలెను. వాని ప్రక్కన వానిని వర్ణించినవాని పేరు వ్రాయుటకు ఒక చిన్న పలక చాలును.