ఆరంభాన్ని లెక్కగట్టిన గురువు

కేబుల్ రాని రోజుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లలో దూరదర్శన్ ప్రసారం ముగిశాక టీవీ తెర నిండా చీమలు పాకినట్లు చుక్కలు కదిలేవి గుర్తుందా? వాటిలో కొద్ది భాగం విశ్వపు తొలినాళ్ల వెలుగు శేషం. ఆ ఆరంభాన్ని శాస్త్రరీత్యా ముందుగా ఊహించినవారు ఒక కతోలిక గురువు, జార్జ్ లెమైత్ర్ గారు.

బెల్జియంలోని షార్లెరువాలో 1894లో జన్మించారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికునిగా పనిచేసి, 1923లో గురుపట్టాభిషేకం పొందారు. గెలాక్సీల వేగాలను బట్టి విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో లెక్కగట్టారు. ఐన్‌స్టీన్‌కు అది రుచించలేదు. తర్వాత ఆయనే మెత్తబడ్డారు. సమస్తమూ ఒకే ఆది పరమాణువు నుండి వచ్చిందని 1931లో ప్రతిపాదించారు.

1951లో 12వ పయస్ పాపుగారు ఈ శాస్త్రం దైవసృష్టికి సాక్ష్యమిస్తోందన్నట్లు ప్రసంగించారు. మరొకరైతే పొంగిపోయేవారే! లెమైత్ర్ గారు మాత్రం కలవరపడ్డారు. సిద్ధాంతం రేపు మారవచ్చు, విశ్వాసాన్ని దానికి ముడివేయరాదని ఆయన తలంపు. మరుసటి ఏడు ఖగోళ శాస్త్రజ్ఞుల ఎదుట పాపుగారు ఆ మాట ఎత్తలేదు.

అమెరికాలో పెన్జియాస్, విల్సన్ ఆ తొలి వెలుగు శేషాన్ని రేడియో తరంగాలుగా పట్టుకున్నారని 1965లో వెల్లడైంది. జబ్బుపడి మంచాన ఉన్న లెమైత్ర్ గారికి 1966 జూన్‌లో మిత్రుడొకరు ఆ కబురు చెప్పారు. కొద్దిరోజులకే, 20వ తేదీన, కన్నుమూశారు.